ఇస్త్రీబల్ల దిగ్విజయము

స్వస్తి! సముద్రమని భ్రమింపదగిన మిషిగన్ సరోవరము గడ్డకట్టి గాజుపలకవలె మెరయుచుండ, ఉత్తరధ్రువమున బయలుదేరిన పవనసేనలు దారిలో అడ్డమన్నది లేక వచ్చి కనబడిన వారి చెవులెల్ల కొఱుకుచుండ, జనవరి మాసపు మూడవ శనివారమున, ప్రాతఃకాలము ఏడు గంటల వేళ, షికాగో మహానగర వాయవ్యభాగమున, ఎఱ్ఱయిటుకల మూడంతస్తుల యిండ్లు బారులు తీరిన యొకానొక వీథియందు, రాత్రికి రాత్రి దిగివచ్చిన పందొమ్మిది అంగుళముల మంచు కార్లన్నిటిని ఒకే తెల్లని దుప్పటిక్రింద నిద్రపుచ్చెను. ఏ గుట్టక్రింద ఎవరి కారున్నదో ఆ కారును కొన్నవాడైనను చెప్పజాలడు.

ఆ దుప్పటియంచున, చేత పార, కాళ్లకు రబ్బరుబూట్లు, నెత్తిన కూతురి గులాబిరంగు ఉన్నిటోపీ ధరించి, యుద్ధభూమిని కలయజూచుచు నిలిచిన వీరాంగన పేరు సొలేన్ కెర్వెలా. ఫ్రాన్సుదేశపు పడమటిసీమన, గొడుగు మఱచి గడప దాటినవాడు తడిసి తిరిగివచ్చు రెన్ నగరమున పుట్టి, అచటి న్యాయస్థానమున పదునొకండేండ్లు గుమాస్తాగా కొలువుచేసి, వాదములు విని, సాక్ష్యములు వ్రాసి, వానయనిన వెఱపులేక పెరిగిన యింతి. భర్త కంపెనీ పంపగా ఆఱు నెలలక్రితము ఈ నగరమునకు వచ్చినది. వాన వేఱు, మంచు వేఱు. వాన తనంతట తాను పోవును. మంచు పొమ్మన్నను పోదు.

భర్త యాన్ యుద్ధమునకు వెనుదీసినవాడు కాడు. గురువారము పడిన కొద్దిపాటి మంచుపైననే ఆయన ఇదే పారతో రంగమున దుమికెను. మూడవ పోటుకే నడుము పట్టివేసెను. నాటినుండి ఆ శూరుడు వేడినీళ్ల సంచియే అంపశయ్యగా సోఫాపై పవ్వళించి, కిటికీనుండి యుద్ధనీతి బోధించుచుండెను.

“మోకాళ్లు వంచు సొలేన్! నడుం కాదు, మోకాళ్లు!”

“నువ్వు వంచింది ఏంటో అందరం చూశాం లే! కిటికీ మూసెయ్, ఇంట్లో వేడంతా పోతోంది!”

కిటికీ మూతపడెను.

యుద్ధమునకు కారణ మేమనగా, ఎనిమిదేండ్ల కూతురు మాయ్‌వెన్‌కు పుచ్చిన దవడపన్ను. పదునొకండు గంటలకు దంతవైద్యునియొద్దకు పోవలెను. ఆ గడియ తప్పినచో మరల మార్చి నెలలోగాని చోటు లేదని ఆస్పత్రివారు ఫోనులో మధురముగా, నిర్దయగా తెలిపిరి. పిల్ల రాత్రులందు చెంప పట్టుకొని మూల్గుచుండెను. కావున తల్లి పార యెత్తెను.

ఏమని వర్ణింతును ఆ సమరమును! మొదట మెత్తని మంచు పిండివలె ఎగసి ఆమె మొగముననే పడెను. దానిక్రింద తడిసి బరువెక్కిన మంచు పారను పట్టుకొని వదలదయ్యెను. దానికిని క్రింద, చక్రముల మొదట, నల్లని మంచుగడ్డ ఇనుమువలె ప్రతిఘటించెను. పొడిచెను, చీల్చెను, త్రవ్వి తలమీదుగా విసరెను. కుడిచేయి అలసిన ఎడమచేత, ఎడమచేయి అలసిన తిట్లతో పోరాడెను. ఆమె సీమవారగు బ్రెతాన్ జాలరులు తుపానులో తిట్టు తిట్లు కొన్ని ఆ వీథి అప్పుడే మొదటిసారి వినెను. తొమ్మిది గంటలకు కారు నాలుగు చక్రములతో బయటపడెను. సొలేన్ పారపై చేయానించి నిట్టూర్చినది.

సరిగా ఆ క్షణమున వీథిమొగమున ఘోరనాదము వినవచ్చెను. నారింజరంగు దీపము గిరగిర తిరుగుచుండగా, ఏనుగుతలంత ఇనుపపలకను ముందు మోయుచు, మంచు తోయు లారీ వచ్చెను. అది నడివీథి మంచునంతయు ఒక ప్రక్కకు త్రోసినది. ఆ ప్రక్కనే సొలేన్ కారుండెను. రెప్పపాటులో నడుమెత్తు మంచుగోడ కారు మార్గమును మూసివేసెను.

“ఆగు! ఆగవయ్యా! కళ్లు కనపడట్లేదా? రెండు గంటలు! రెండు గంటలు తవ్వాను!” అని ఆమె ఫ్రెంచిలో గర్జించెను.

లారీవాడు అద్దము దించి, ఆ గర్జనను స్వాగతముగా నెంచి, నవ్వుచు చేయి ఊపెను. “మీకూ శుభోదయం మేడమ్! చలి జాగ్రత్త!”

సొలేన్ మంచుగోడకు వీపానించి కూలబడి ఒక నిమిషము ఏడ్చెను. ఆ కన్నీరు చెంపపైననే గడ్డకట్టుటచే, ఏడుపుకూడ ఈ యూరిలో సుఖముగా సాగదని గ్రహించి, లేచి, మరల త్రవ్వసాగెను.

పది దాటిన పదిహేను నిమిషములకు దారి రెండవమారు తెరపిపడెను. అప్పుడు ఎదురింటి వరండాలోనుండి ఒక స్వరము వినవచ్చెను.

“అమ్మాయ్! నీ కుర్చీ ఏది?”

ఆమె మిసెస్ జలెస్కా. డెబ్బదెనిమిదేండ్ల వితంతువు, ఆ వీథిలో పుట్టి, ఆ వీథిలోనే పెండ్లాడి, ఆ వీథి మంచునంతయు ఎఱిగిన పెద్ద. డిసెంబరు మొదలు ఆమె సొలేన్‌తో మాటలాడి యుండలేదు. నమస్కరించినను మొగము త్రిప్పుకొనెడిది. కారణము సొలేన్‌కు తెలియదు.

“కుర్చీ ఎందుకండీ?”

“ఎందుకేంటి? నువ్వు అటు పోగానే ఇటు ఇంకొకడు దూరతాడు. తవ్విన చోట కుర్చీ పెట్టాలి. బకెట్టో, నిచ్చెనో, ఏదో ఒకటి. అది ఉంటే ఎవడూ ముట్టడు.”

న్యాయస్థాన గుమాస్తా గుండెలో ధర్మశాస్త్రము మేల్కొనెను. “రోడ్డు అందరిదీ అండీ. కుర్చీ వేసినంత మాత్రాన సొంతమైపోతుందా? పదకొండేళ్లు కోర్టులో పనిచేశాను, ఇలాంటి హక్కు ఎక్కడా చూడలేదు.”

“అందుకేనా డిసెంబర్‌లో నా కుర్చీ లాగి పక్కన పడేశావు?”

సొలేన్ చేతిలోని పార జారెను. తొలిమంచు నాడు తాను ఒక విఱిగిన ప్లాస్టిక్ కుర్చీని కాలిబాటపైకి నెట్టి, పౌరధర్మము నిలిపితినని ఉప్పొంగి కారు పెట్టిన మాట ఆమెకు స్ఫురించెను.

“అది... మీదా?”

“నాదే. మా లెషెక్ కోసం తవ్వి పెట్టుకున్నా. శనివారం శనివారం వస్తాడు, మధ్యాహ్నం సూప్ తాగడానికి. ఆ రోజు చోటు దొరక్క నాలుగు వీధులు తిరిగి, కార్లోంచే ఫోన్ చేసి వెళ్లిపోయాడు. సూప్ నేనొక్కదాన్నే తాగాను.”

“అయ్యో, నాకు తెలీదండీ. ఒక్క మాట చెప్పి ఉంటే...”

“నేను చెప్పడమేంటి? కుర్చీ చెబుతుంది. దాన్ని చదవడం నీకు రాలేదు, అంతే.”

“మరి ఇవాళ మీ అబ్బాయికి?”

“ఆ తవ్వకం నుంచీ మోకాలు లేవనివ్వట్లేదు. వాడి తిప్పలు వాడు పడతాడు. నువ్వు కుర్చీ పెట్టు.” అని ఆమె తలుపు మూసికొనెను.

సొలేన్ కూతురిని కారెక్కించి, ఇంజను వేసి, కదలక కూర్చుండెను. ఆమె హృదయమున రెండు సేనలు మోహరించెను. “ఓ గణతంత్రమా! సర్వజన సమానత్వమా! రాజమార్గము రాజుదే కానప్పుడు నా దెట్లగును?” అని యొక సేన ఘోషించెను. రెండవసేన వాదింపలేదు. చేతితొడుగు లోపల పొక్కుచున్న నాలుగు బొబ్బలను చూపెను.

ఆమె కారు దిగి ఇంటిలోనికి పోయినది. ఇంటిలోని కుర్చీలన్నియు అద్దెకు తెచ్చినవి. మంచులో పాడైనచో జవాబు చెప్పలేము. ఈ దేశమున తాము స్వయముగా ఎంచి కొన్న వస్తువు ఒక్కటే కనబడెను. నీలిపువ్వుల గుడ్డ తొడిగిన ఇస్త్రీబల్ల. దానిని భుజమున కెత్తి, మెట్లు దిగి, మంచుగోడల నడుమ కాళ్లు విప్పి నిలబెట్టెను. శీతలగాలికి నీలిపువ్వులు రెపరెపలాడెను.

“అమ్మా, వద్దు! మా క్లాసు వాళ్లు చూస్తే? అందరూ కుర్చీలు పెడతారు. ఇస్త్రీ బల్ల ఎవరూ పెట్టరు!”

“మనం పెడతాం. దంతాల డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం, నోరు అక్కడ తెరువు.”

అటుపిమ్మట వైద్యశాలలో పన్ను మాయ్‌వెన్‌ది, వేదన సొలేన్‌ది. యంత్రము జుయ్యిమన్నప్పుడెల్ల తల్లి కుర్చీచేతులు బిగబట్టి, “ఎవరైనా తీసేశారేమో” అని గొణుగుచుండెను. వైద్యుడు పన్నునుగూర్చి కాబోలునని తలచి, “ఇంకా లేదండీ, ముందు శుభ్రం చేయాలి” అని ధైర్యము చెప్పెను.

పండ్రెండున్నరకు వారు వీథిమలుపు తిరిగిరి. తిరిగినంతనే సొలేన్ తన చోటివైపు చూచెను. ఇల్లంత నల్లని పికప్ ట్రక్ ఒకటి ఆ చోటి యెదుట నిలిచి, వెనుకకు తిరుగుటకు ఎఱ్ఱదీపములు వెలిగించి యుండెను. ఆజానుబాహువగు నొక గడ్డపువాడు ఇస్త్రీబల్లను చంకనిడి కాలిబాటపై పండుకొనబెట్టుచుండెను.

కారును నడివీథిలో ఆపి సొలేన్ దుమికెను. ఆమె మనస్సున అప్పటికప్పుడు మహోపన్యాసము సిద్ధమయ్యెను: “ఓరీ పరశ్రమాపహారీ! ఏ భూమిపై నా స్వేదము చిందెనో, ఏ హిమకుడ్యము నా పారచే రెండుమార్లు భగ్నమయ్యెనో, ఆ క్షేత్రమున కాలిడ నీ కెట్లు తోచెను?” కాని కోపము వచ్చినప్పుడు ఆంగ్లభాష ఆమెను విడిచి పారిపోవుట వాడుక. నోటినుండి వచ్చినది వేఱు.

“నేను తవ్వుతాను! పొద్దున! మూడు గంట! లారీ వచ్చు, మళ్లీ తవ్వు! నువ్వు... నువ్వు... బల్ల!”

గడ్డపువాడు ఓపికగా వినెను. “మేడమ్, రోడ్డు అందరిదీ కదా? ఎవరి పేరూ రాసి లేదే.”

తన వాక్యమే, తన ధర్మశాస్త్రమే, పరుని నోట!  ఆ వాదమునకు ప్రతివాదము గుమాస్తాచేత పదునొకండేండ్లలో ఎవరును వ్రాయించియుండలేదు.

తల్లికి వకీలుగా మాయ్‌వెన్ కారు దిగెను. ఈ దేశపుభాషలో పిల్ల దిట్ట. కాని సూదిమందుచే సగము నోరు మొద్దుబాఱి యుండెను. “మా అంబ థవ్వింథి! ఎంఠ థవ్వింథో థెల్సా! ఏడ్ఛింథి కూడా!”

“ఏంటి పాపా?”

అప్పుడు సొలేన్ వాదము మానెను. చేతితొడుగులు ఊడబెఱికి రెండు అరచేతులు వాని మొగము ముందర చాపెను. నాలుగు బొబ్బలు. రెండు చిట్లి నెత్తురు కారుచున్నవి. గడ్డపువాడు వానిని చూచి, అటుపిమ్మట నున్నగా చెక్కిన మంచుగోడలను చూచి అడిగెను.

“ఇదంతా మీరొక్కరే...?”

ఎదురింటి తలుపు పిడుగుపడినట్లు తెఱుచుకొనెను. ఇంటిచెప్పులతోనే, గరిటె చేతబట్టి, మోకాలి నొప్పిని మఱచి, మిసెస్ జలెస్కా మెట్లు దిగెను.

“లెషెక్! ఆ బల్ల తీసింది నువ్వేనా?”

గడ్డపువాని భుజములు కుంగెను. నలువదియాఱేండ్లవాడు ఆఱేండ్లవా డయ్యెను. “అమ్మా, నీ దగ్గరికే కదా వస్తున్నా. సూప్ చల్లారిపోతుందనీ...”

“సూప్ చల్లారితే వేడి చేసుకుంటాం. పరువు చల్లారితే ఏ పొయ్యి మీద పెడతావురా? ఈ అమ్మాయి పొద్దుట్నుంచి తవ్వింది. లారీవాడు మూసేసి పోతే కూర్చుని ఏడ్చి మళ్లీ తవ్వింది. కిటికీ దగ్గర కూర్చుని అంతా చూశా.”

“అది కుర్చీ కాదే అమ్మా, ఇస్త్రీ బల్ల! ఎవరో పారేశారనుకున్నా.”

“కాళ్లు విప్పి నిలబడ్డ బల్లని ఎవడు పారేస్తాడురా?”

సొలేన్ మొగము ఎఱ్ఱనాయెను. ఆంగ్లము కొంత తిరిగివచ్చెను. “వద్దండీ, ఆయన్నే పెట్టుకోనివ్వండి. డిసెంబర్‌లో నేను మీ...”

“డిసెంబర్ సంగతి డిసెంబర్‌తో పోయింది. అప్పుడు నీకు తెలీదు, ఇప్పుడు తెలిసింది. నువ్వు నోర్మూసుకుని కారు పెట్టుకో. పాపని లోపలికి తీసుకురా, నోరు మొద్దుబారినా సూప్ తాగొచ్చు.”

సాక్ష్యము ముగిసెను. తీర్పు వెలువడెను. కన్నకొడుకునకు వ్యతిరేకముగా కన్నతల్లి పలికిన తీర్పునకు అప్పీలెక్కడ? లెషెక్ ఇస్త్రీబల్లను రెండుచేతుల నెత్తి, దానిపై మంచును తన టోపీతో తుడిచి, సొలేన్‌కు అప్పగించి, “బాగా తవ్వారండీ” అని మెల్లగా పలికి, ట్రక్కెక్కి చోటు వెదకుకొనుచు నాలుగు వీథులావలికి పోయెను.

సొలేన్ కారెక్కెను. వీథిలోని పరదాలు కొన్ని తొలగుట ఆమె చూచెను. మొదటి ప్రయత్నమున వెనుకచక్రము గోడనెక్కెను. రెండవమారు కారు అడ్డముగా నిలిచి అటునిటు కదలనొల్లదయ్యెను. తమ కిటికీ తెఱచుకొని, “ఎడమకి! ఎడమకి తిప్పు!” అను కేక వినబడెను. ఆమె కుడికి త్రిప్పెను. మూడవమారు కారు మంచుగోడల నడుమ ఒరలో కత్తివలె దిగెను. ఎదురింటి వరండాలో గరిటె ఒకటి పైకి లేచి దిగెను. సొలేన్ చక్రముపై నుదురాన్చి నవ్వెను. ఈ నగరమునకు వచ్చిన తరువాత ఒక్కతెయే కూర్చుండి నవ్వుట అదే మొదలు.

సోమవారము ఉదయమున, నడుము కుదుటపడిన యాన్ చొక్కా చేతబట్టి ఇల్లంతయు గాలించెను.

“సొలేన్, ఇస్త్రీ బల్ల ఏదీ?”

“డ్యూటీలో ఉంది. మాయ్‌వెన్‌ని బడి దగ్గర దింపి ఇప్పుడే వచ్చా. మళ్లీ మార్కెట్‌కి వెళ్లాలి, అందుకని తీయలేదు.”

“మరి నా చొక్కా?”

“ముడతలతో వెళ్లు. అడిగితే మా వీధిలో మంచు పడిందని చెప్పు, అర్థం చేసుకుంటారు.”

‘మా వీధి’ యని తా ననుట ఆమె గమనింపలేదు. యాన్ గమనించెను. ముడతల చొక్కా తొడిగికొని ఆఫీసునకు పోయెను.

ఇట్లు పదునెనిమిదడుగుల పొడవును ఏడడుగుల వెడల్పును గల ఆ మహాసామ్రాజ్యము, శత్రుశేషము లేక, పన్ను కట్టువాడు లేక, మంచు కరుగువఱకు పదునాఱు దినములు, నీలిపువ్వుల ఇస్త్రీబల్ల యేకచ్ఛత్రముక్రింద, కెర్వెలా వంశమువారిదై వర్ధిల్లెను. జయము! జయము! జయము!