కర్రి మెడలో ఫోను

సోగత్తూరు అంజప్ప ఆ ఉదయానికి పెట్టుకున్న పనులు రెండే. నల్లావు కర్రిని మేతకు తోలడం, పది గంటల లోపు కూతురు మోనిషా చేతిలో కొత్త స్మార్ట్‌ఫోను పెట్టడం. ఊళ్లో తెరవబోయే పాలకేంద్రానికి మనిషి కావాలని, పాల కంపెనీ శశికళ మేడం పదింటికి ఫోన్లో ఇంటర్వ్యూ చేస్తానన్నది. ఉద్యోగం వస్తే మోనిషా ఊళ్లోనే ఉంటుంది. రాకపోతే సోమవారం తిరుప్పూరు బనియన్ల మిల్లుకు బస్సెక్కాలి. అందుకే అంజప్ప నిన్న ధర్మపురి వెళ్లి ఏడు వేల ఫోను తెచ్చాడు. సిమ్ము ఊరికే ఇచ్చారు.

పాత బటన్ ఫోనును పారేయడానికి మనసొప్పక, గంటకు బదులు దాన్ని కర్రి మెడకు కట్టాడు. ఎవరు చేసినా దానంతటదే ఎత్తుకునేలా, స్పీకరులో వినిపించేలా అంగడిలోనే సెట్టింగు పెట్టించాడు. ఇక ఆవును వెతకనక్కర్లేదు. లారీ హారను వినిపిస్తే నల్లంపల్లి రోడ్డు, మోటారు చప్పుడు వినిపిస్తే గోపాలప్ప చెరుకుతోట.

తొమ్మిదిన్నరకు మోనిషా కొత్త ఫోనును తిప్పి తిప్పి చూసింది.

"నాయనా, దీంట్లో మన పాత సిమ్మే కదా ఏసినావు?"

"కొత్తది పాపా. నువ్వు మేడంకు నంబరు చెప్పేసింటావు అనుకొంటిని."

"నువ్వు చెప్పకుండా నాకెట్ల తెలుస్తుంది? అర్జీలో ఉండేది పాత నంబరే. మేడం నంబరు కూడా ఆ ఫోన్లోనే ఉంది. అదేడ?"

అంజప్ప గొంతు సవరించుకున్నాడు. "మేస్తా ఉంది."

కొత్త ఫోనుతో పాత నంబరుకు చేశాడు. నమిలే చప్పుడు తృప్తిగా వినిపించింది. దాని వెనక మోటారు.

తండ్రీకూతుళ్లు చెరుకుతోటకు పరుగెత్తారు. అక్కడ విరిగిన చెరుకులు, గిట్టల గుర్తులు ఉన్నాయి, ఆవు లేదు. సరిగ్గా పదయింది. అంజప్ప మళ్లీ చేశాడు. మీరు పిలిచినవారు వేరొకరితో మాట్లాడుతున్నారని ఫోనులోని గొంతు తమిళంలో మర్యాదగా చెప్పింది.

"మేడం కర్రిని ఇంటర్వ్యూ చేస్తా ఉంది," అంది మోనిషా, నీరసంగా.

గిట్టల గుర్తుల వెంట పోతే, కర్రి గోపాలప్ప కొట్టంలో గుంజకు కట్టేసి ఉంది. పక్కనే గోపాలప్ప, చేతిలో కర్ర.

"ఏమిరా అంజప్పా, ఆవుకు ఫోను కొనిచ్చినావే, నా చెరుకు ఎట్లుందో నీకు చెప్పేదానికా?"

మోనిషా ఫోను వైపు అడుగేసింది. కర్ర అడ్డం వచ్చింది.

"నష్టం తేలేదాకా ఆవునూ ముట్టకూడదు, ఫోనునూ ముట్టకూడదు. ఇంటింటికీ వచ్చి పాలు కొనే ఆ క్యానువాడు పాలల్లో ముంచుతాడు, మీరు చెరుకులో ముంచుతారు."

"క్యానువాడు ఏం చేసినాడు మామా?"

"పాలను కండ్లతో చూసి, వెన్న లేదంటాడు. వాని కండ్లేమన్నా మిషనా?"

"కేంద్రం వస్తే నీ ముందరే మిషన్లో పెట్టి చూసి, చీటీ చేతికిస్తారు. నీ ఎనిమిదావుల పాలు పోసి చూడు, తక్కువొస్తే నన్నడుగు. చెరుకుకు బదులు మాపటికి రెండు బండ్ల గడ్డి దింపుతాము. చాలకపోతే మూడు."

కర్ర కొంచెం కిందికి దిగింది. "కేంద్రంలో నువ్వుంటావా?"

"ఆ ఫోను ముట్టనిస్తే ఉంటానేమో మామా."

"ముట్టనక్కర్లేదు," అంది కర్రి మెడ.

గోపాలప్ప కర్ర పారేసి, రెండడుగులు వెనక్కి వేసి ఆవుకు దండం పెట్టాడు.

"నేను శశికళను. మా ఇంట్లోనూ తెలుగే. ఎన్ని ప్రశ్నలడిగినా నమిలే చప్పుడే వస్తా ఉంటే పెట్టేద్దామనుకొంటిని. అప్పుడు ఈ పంచాయితీ మొదలయింది. కోపంగా ఉండే రైతుతో కేంద్రానికి పాలు పోయించే మనిషే నాకు కావాల్సింది. సోమవారం వచ్చి చేరమ్మా."

అంజప్ప తలపాగా విప్పి కళ్లు ఒత్తుకున్నాడు. సోమవారం తిరుప్పూరు బస్సు మోనిషా లేకుండానే పోయింది.

అతని ఏడు వేల స్మార్ట్‌ఫోనుకు మాత్రం ఇంతవరకు ఒక్క పిలుపూ రాలేదు. అందరూ కర్రికే చేస్తున్నారు.