అర్థమైతే సంతకం ఎలా పెడతారు?

చదవకుండా సంతకం పెట్టడంలో ఉన్న హాయి మరెందులోనూ లేదని నేను ఘంటాపథంగా చెబుతున్నాను!

నమ్మకం కుదరకపోతే ఒక్కసారి ఆలోచించండి. అప్పు కోసం వెళ్లి కౌంటర్ ముందు నిలబడతాం. అవతల ఉన్న అమ్మాయి లావుపాటి కాగితాల కట్ట మన ముందు పెట్టి, చకచకా పేజీలు తిప్పుతూ "ఇక్కడ, ఇక్కడ, మళ్ళీ ఇక్కడ" అంటుంది. ఎంత ఆత్మీయత! మనం బుర్ర పాడుచేసుకోవాల్సిన పనే లేదు. చెయ్యి ఒక్కటి తీసుకెళ్తే చాలు.

అదే ఆ పత్రం మామూలు మాటల్లో ఉందనుకోండి. చదువుతాం. చదివితే అనుమానం వస్తుంది. అనుమానం వస్తే అడుగుతాం. అడిగితే ఆ అమ్మాయి లోపలికెళ్లి ఆఫీసర్ని అడగాలి. ఆఫీసరుకీ తెలియదు. పాపం, నలుగురిలో ఆయన పరువేం కావాలి?

మనుషుల మధ్య నమ్మకం నశించిపోయిందని పెద్దలు వాపోతుంటారు. ఎక్కడ నశించింది? సొంత తమ్ముడికి స్కూటర్ తాళం ఇవ్వడానికి సవాలక్ష ప్రశ్నలు వేసే మనిషి కూడా, ఫోన్లో కొత్త యాప్ రాగానే ముక్కూ మొహం తెలియని కంపెనీకి "నాకు సమ్మతమే" అని నొక్కేస్తున్నాడు కదా!

ఇక పత్రాల వెనకవైపు ఉండే ఆ చీమతలకాయంత అక్షరాలు! బీమా పత్రం చదవబోయి నా కళ్లజోడు పవర్ మారిందని కనిపెట్టాను. కళ్ల డాక్టరు చేయాల్సిన పని బీమా కంపెనీ ఉచితంగా చేసిపెట్టింది. మా ఆవిడ ఉన్నంతకాలం ఇంట్లో ఇలాంటివి చదివే శాఖ ఆవిడదే. బిస్కెట్ ప్యాకెట్ వెనక ఉన్నది కూడా పూర్తిగా చదివి గానీ చించేది కాదు. ఆవిడ పోయాక ఆ శాఖ మూతపడింది. నేను పెట్టమన్నచోటల్లా సంతకాలు పెట్టుకుంటూ ప్రశాంతంగా కాలక్షేపం చేస్తున్నాను.

అలాంటి ప్రశాంతతకి మా ఇంట్లోంచే ముప్పు వచ్చిపడింది.

మా కోడలు లాయరు. కోర్టులో బల్ల గుద్ది వాదించే రకం కాదు. ఫైనాన్స్ కంపెనీలకీ, బీమా కంపెనీలకీ ఒప్పంద పత్రాలు రాసే రకం. మొన్నమొన్నటిదాకా ఒక పెద్ద లా ఫర్మ్‌లో, అద్దాల మేడ పై అంతస్తులో పనిచేసింది. అక్కడొక గొప్ప ఆనవాయితీ ఉండేదట. ఏ పత్రం రాసినా, బయటికి పంపేముందు పక్క సెక్షన్‌లో లాయరు కాని మనిషికి ఎవరికైనా ఇచ్చి చదివించేవారట. ఆ మనిషికి అర్థమైతే "ఇంకా గట్టిపడలేదు" అని వెనక్కి పంపేవారట. సిమెంటు పనిలాగా!

అంత చక్కటి ఆనవాయితీ ఆ పిల్లకి గొంతు దిగలేదు. రాజీనామా ఇచ్చి వచ్చేసి, మా ముందుగదిలో సోఫా పక్కకి జరిపించి, టేబుల్ వేసుకుని, సొంత ప్రాక్టీసు మొదలుపెట్టింది. గుమ్మానికి బోర్డు మా అబ్బాయి కొట్టాడు. అది ఓ పక్కకి ఒరిగింది. ప్రాక్టీసు కూడా ఇలాగే ఉంటుందా అని వాడు వేళాకోళం ఆడితే, "వంకర నీ మేకుది, నా ప్రాక్టీసుది కాదు" అంది.

పాత ఆఫీసు పెద్దాయన మంచివాడు. నెలాఖరు దాకా ఆ ఉద్యోగం ఎవరికీ ఇవ్వననీ, మనసు మారితే వచ్చెయ్యమనీ ఫోన్ చేశాడు. ఈలోగా ఒక్క కంపెనీ అయినా తనకి పని ఇవ్వకపోతే బోర్డు దించేసి వెళ్లిపోతానని కోడలు మాతో చెప్పింది. నవ్వుతూనే చెప్పింది గానీ, ఆ పూట కంచంలో అన్నం అలాగే ఉండిపోయింది.

ఆ ముందుగది ఆఫీసులో నాకూ ఒక ఉద్యోగం దొరికింది. పొద్దున్నే టిఫిన్ కాగానే నన్ను పడక్కుర్చీలో కూర్చోబెట్టి, తను రాసింది పైకి చదువుతుంది. నేను వినాలి, అంతే. నా తల ఎక్కడ వాలితే అక్కడ ఎర్ర పెన్సిల్‌తో గీత పెడుతుంది.

"మామయ్యా, వడ్డీ దాకా బాగానే ఉన్నారు. 'పైన పేర్కొనబడిన' దగ్గర పడిపోయారు."

"పడిపోలేదమ్మా, కళ్లు మూసుకుని ఆలోచిస్తున్నా."

"గురకపెట్టి ఆలోచించారు."

ఇక ఆ వాక్యం తిరగరాయాల్సిందే. మా ఆవిడ జీవితాంతం దెప్పిన నా కునుకుకి ఈ వయసులో ఇంత హోదా వస్తుందని ఎవరనుకున్నారు? పొద్దున్నపూట ఇంట్లో ఒక మనిషి గొంతు వినబడుతుంటే కన్ను అంటుకోవడం కూడా ఒక అదృష్టమే. సరే, అది వేరే సంగతి.

చివరికి ఒక కంపెనీ మేనేజరుగారు వచ్చాడు. చిన్న దుకాణాల వాళ్లకి, దుకాణంలోని సామాను తాకట్టు పెట్టుకుని అప్పులిచ్చే కంపెనీ. కొత్త పత్రం రాసి చూపిస్తే, నచ్చితే తమ పనంతా ఈమెకే ఇస్తామన్నాడు. కోడలు రాసింది. నేను ఒక్కసారి కూడా తూగకుండా విన్నాను. ఎంత ఇస్తారు, ఎప్పుడు కట్టాలి, కట్టలేకపోతే ఏమవుతుంది, ఇబ్బంది వస్తే ఎవరిని అడగాలి. రెండు పేజీల్లో అయిపోయింది.

నెలాఖరు ముంచుకొచ్చాక మేనేజరుగారు మళ్ళీ వచ్చాడు. ఇచ్చిన కాఫీ చల్లారకముందే చదవడం పూర్తిచేశాడు. కాగితాలు వెనక్కి తిప్పి చూశాడు. మిగతావి జారిపడ్డాయేమోనని టేబుల్ కిందకి కూడా తొంగిచూశాడు.

"అమ్మా, ఇది నాకు అర్థమైపోయింది," అన్నాడు దిగులుగా.

"మీ కస్టమర్లకీ అర్థమవుతుంది సార్."

"అదేనమ్మా నా బాధ. అర్థమైతే సంతకం ఎలా పెడతారు?"

పాఠకులారా, నా వాదనకి ఇంతకన్నా సాక్ష్యం కావాలా?

ఇన్నేళ్లుగా వాడుతున్న పత్రాన్ని ఆయన బ్యాగులోంచి తీసి, బరువు చూడమని నా చేతికిచ్చాడు. నలభై పేజీలు! పట్టుకోగానే భయభక్తులు కలిగాయి. ఇలా ఉండాలమ్మా పత్రమంటే, అన్నాడు. మీరిది పూర్తిగా చదివారా అని కోడలు అడిగింది. ఇది చదవడానికి రాసింది కాదు కదా అని ఆయన ఆశ్చర్యపోయాడు. అయితే ఇప్పుడు చదువుదాం అని ఆమె మొదలుపెట్టింది.

ఉద్యోగ ధర్మం పాటించి నేను మొదటి పేజీలోనే నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి కోడలి వేలు ఒక వాక్యం మీద ఆగి ఉంది. మేనేజరుగారి నుదుట చెమట.

"ఆ ముక్క ఇంకోసారి చదవండమ్మా," అంటున్నాడు.

సంగతేమిటంటే, కంపెనీ పెట్టిన కొత్తలో ఆ పత్రాన్ని పోటీ కంపెనీ పత్రం చూసి మక్కికి మక్కి దించారు. అన్నిచోట్లా ఆ కంపెనీ పేరు తీసేసి తమ పేరు పెట్టుకున్నారు. లోపలెక్కడో ఒక్కచోట మర్చిపోయారు. అప్పు తీర్చకపోతే తాకట్టు సామాను ఎవరికి చెందుతుంది అన్నచోట! అంటే అప్పు వీళ్లిస్తుంటే, కస్టమర్లందరూ తమ సామాను అవతలి కంపెనీకి రాసిచ్చేస్తున్నారన్నమాట. రాసినవాళ్లు చదవలేదు. ఇచ్చినవాళ్లు చదవలేదు. పుచ్చుకున్నవాళ్లు చదవలేదు. ఎవరికీ తెలియకపోవడం వల్ల లోకం ఎంత చల్లగా ఉందో చూశారా!

మేనేజరుగారు మంచినీళ్లు అడిగి తాగాడు. తేరుకున్నాక ఒక బేరం పెట్టాడు. రెండు పేజీలది తమ డైరెక్టర్లకి ఇస్తారట, అసలు విషయం వాళ్లకి తెలియాలి కదా. కస్టమర్లకి మాత్రం ఆ నలభై పేజీలదే, పేరొక్కటి మార్చి ఇచ్చేస్తే చాలట. ఒప్పుకుంటే కంపెనీ పనంతా ఇవాళ్టినుంచే ఆమెదట.

ఒక్క పేరు! ఒప్పేసుకో తల్లీ అని నేను కళ్లతో సైగ చేశాను. ఆమె నావైపు చూడలేదు.

"రెండు రకాలు రాయను సార్. మీరు చదివేదే వాళ్లూ చదవాలి. కుదరదంటే ఈ పని నా వల్ల కాదు."

గొంతు మామూలుగానే ఉంది. టేబుల్ కింద మాత్రం ఆమె పాదం వణుకుతోంది. పడక్కుర్చీలో ఉన్నవాడిని గనక నాకు కనబడింది.

మేనేజరుగారు బ్యాగు సర్దుకుని లేచాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. ఆ నలభై పేజీల్లో పక్క కంపెనీ పేరు ఇంకెక్కడెక్కడ ఉందో అని అడిగాడు. మొత్తం జల్లెడపడితే గానీ చెప్పలేనంది కోడలు. అదే రెండు పేజీలైతే ఎవరినీ అడగనక్కర్లేకుండా మీరే చూసుకోవచ్చు అని కూడా అంది.

ఆయన గుమ్మంలోంచి వెనక్కి వచ్చాడు. "సరే, ఆ రెండు పేజీలే కానివ్వండి. డైరెక్టర్లకి నేను చెప్పుకుంటాను," అన్నాడు చివరికి.

కోడలు తన పని షరతులు రాసిన కాగితం ఆయన ముందు పెట్టింది. అరపేజీ కూడా లేదు. ఆయన భుజాన బ్యాగుతో, నిలువుకాళ్ల మీదే, జేబులోంచి పెన్ను తీసి "ఎక్కడమ్మా?" అన్నాడు.

ఆమె కాగితం మీద చెయ్యి అడ్డంపెట్టింది. "కూర్చుని చదవండి సార్."

"మీ మీద నమ్మకం ఉందిలెండి."

"నమ్మకం ఉండనివ్వండి. ముందు చదవండి."

ఆయన కూర్చున్నాడు. బ్యాగు కింద పెట్టాడు. చదివాడు. పని మధ్యలో మానేసే హక్కు లాయరుకి ఉన్నప్పుడు తమకీ ఉండాలి కదా అని ఒక వాక్యం దగ్గర పేచీ పెట్టాడు. న్యాయమే అని కోడలు అక్కడికక్కడే దిద్దింది. అప్పుడు సంతకం పెట్టాడు. ఆ దిద్దించుకున్న వాక్యం కింద ఇంకోసారి కూడా, అడక్కుండానే! ఆయన వెళ్లాక కోడలు పాత ఆఫీసు పెద్దాయనకి ఫోన్ చేసి, ఆ ఉద్యోగం ఎవరికైనా ఇచ్చెయ్యమంది. పాదం వణకలేదు, చూశాను.

ఎంత ప్రమాదకరమైన ధోరణో గమనించారా? ఒక మేనేజరే చదవడం మొదలుపెడితే, రేపు అప్పు తీసుకునేవాళ్లు చదువుతారు. బీమా కట్టేవాళ్లు చదువుతారు. "కాస్త ఆగండి, ఇది చూసి పెడతాను" అని జనం కౌంటర్ దగ్గర కదలకుండా నిలబడిపోతే, అంతమందినీ ఎక్కడ సర్దుతారు? ఇన్నేళ్లుగా సంతకం పెట్టడానికి దారం కట్టి మరీ పెన్ను అందిస్తున్నవాళ్లకి, చదువుకోవడానికి ఒక కుర్చీ వెయ్యాలన్న ఆలోచన ఇంతవరకూ రాలేదు మరి!