తువ్వాలు కింద సంరక్షకుడు

పక్షవాతంతో మాట పోయిన పశువుల దళారి సింగరకొండకు సంరక్షకుడిగా అతని కుడిచేతినే నియమిస్తూ కోర్టు ఉత్తర్వు ఇచ్చింది.

అన్నకు మతి లేదనీ, ఇల్లూ దొడ్డీ తన అజమాయిషీలో పెట్టాలనీ పిటిషను వేసినవాడు తమ్ముడు మాలకొండయ్య. అతనిదీ సంతలో వ్యాపారమే. మమ్మల్ని మా ఇంట్లో ఉండనిస్తే చాలని సింగరకొండ భార్య తిరపతమ్మ కౌంటరు వేసింది.

విచారణ రోజు జడ్జిగారు ఇవాళ ఏ వారమని అడిగితే సింగరకొండ నోరు తెరిచి మూశాడు. అప్పుడు తిరపతమ్మ వకీలు ఒక తువ్వాలు తెప్పించి అతని కుడిచేతి మీద కప్పాడు. సంతలో ధర నలుగురి చెవిన పడకుండా తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని తేల్చుకుంటారు. జడ్జిగారు పీఠం దిగి వచ్చి తన చెయ్యి తువ్వాలు కిందికి పోనిచ్చారు. గిత్త ధర అడిగారు, పాడిగేదె ధర అడిగారు. ఆఖరికి తన పాత కారు ధర కూడా అడిగి, వచ్చిన జవాబుకు ముఖం ముడుచుకున్నారు.

"ఈ మనిషికి ఏమీ తెలియదు. ఈ చేతికి అన్నీ తెలుసు" అన్నారు.

చెయ్యి ప్రమాణం చేసింది. బంట్రోతు దానికి కుర్చీ వేసి, మిగతా మనిషిని పక్కన బెంచీ మీద సర్దాడు.

సింగరకొండ లోలోపల సంతోషించాడు. పరాయివాడి పాలు కాలేదు. తను తిన్న తిండితో పెరిగిన చెయ్యి, ఏనాడూ నష్టపు బేరం చేసి ఎరగదు. ఒక్క సంగతి మరిచాడు. అమ్మేవాడి దగ్గరా కొనేవాడి దగ్గరా కమీషను పుచ్చుకోవడం దానికి నేర్పింది తనే.

సంరక్షకుడి వ్యవహారాల్లో ఆశ్రితుడు జోక్యం చేసుకోరాదని ఉత్తర్వులో షరతు ఉంది. అది అందిన పూట నుంచే కుడిచేతి స్పర్శ అతనికి తెలియడం మానేసింది. అది దోమను కొట్టినా కళ్ళతో చూసి తెలుసుకోవలసిందే. అన్నం తిరపతమ్మే తినిపించేది. ముద్దలు కలపడం సంరక్షకుడి హోదాకు తగదని కోర్టు అమీను చెప్పి వెళ్ళాడు.

ఒక మధ్యాహ్నం ఆమె అన్నం పెడుతుండగా మాలకొండయ్య వచ్చాడు. అన్నను పలకరించలేదు. చేతికి దణ్ణం పెట్టి, పక్కన చతికిలబడి, భుజం మీది తువ్వాలు తీసి కప్పాడు.

"ఏందబ్బాయ్ ఆ బేరం? ఆయనకు చెప్పొద్దా?" అంది తిరపతమ్మ.

"గిత్తనడిగి గిత్తను కొంటామా వదినా?"

తువ్వాలు కాసేపు కదిలింది. సింగరకొండ దానివంక కన్నార్పకుండా చూశాడు. బయటికి ఏమీ తెలియలేదు. తెలియకూడదనే గదా తువ్వాలు.

తీసేసరికి చేతివేలికి కొత్త ఉంగరం ఉంది. ఇల్లూ దొడ్డీ తనవయ్యాయనీ, అన్నను తన గొడ్ల కొష్టం పక్కగదిలో ఉంచుతాననీ, వదిన పుట్టింటికి పోవచ్చనీ, ఇదంతా సంరక్షకుడు ఒప్పుకున్నదేననీ మాలకొండయ్య నిదానంగా చెప్పాడు. తిరపతమ్మ వకీలుకు ఫోను చేసింది. అప్పీలు చెయ్యొచ్చనీ, దానికి సంరక్షకుడి వేలిముద్ర కావాలనీ ఆయన అన్నాడు.

మాలకొండయ్య లేచి, సంతలో అలవాటు కొద్దీ అన్న గడ్డం పట్టి నోరు తెరిచి పళ్ళు చూసుకున్నాడు.

సింగరకొండ జీవితంలో ఎన్నో గొడ్లను అమ్మాడు. బేరం సాగినంతసేపూ అవి పక్కనే నిలబడి నెమరు వేసేవి. వాటికేమీ తెలియదనే ఇన్నాళ్ళూ అనుకున్నాడు.

నోట్లో ముద్ద ఇంకా ఉంది. మెల్లగా నమలసాగాడు.