స్క్రూ తిప్పుటకు అనుమతి

స్క్రూ ఒకటి తిప్పాలంటే ముందు మనిషి తిరగాలె. ఇది ప్రకృతి ధర్మం. చొప్పదండి దగ్గరి మా ఊరి పాల కేంద్రంల ఈ ధర్మాన్ని నెలకొల్పినవాణ్ణి నేనే. పేరు సిద్దిరాములు, హోదా కార్యదర్శి. (జీతం సంగతి అడగొద్దు. హోదా సంగతి ఎంతసేపైనా అడగండి.)

మా కేంద్రంల పాలు చల్లబరిచే పెద్ద ట్యాంకు ఉన్నది. కరెంటు పోతే దాన్ని నడిపేటందుకు చిన్న డీజిల్ జనరేటర్ ఉన్నది. దాని ఇంజనుకు గవర్నర్ అని ఒక భాగం ఉంటది. బరువు పడితే డీజిల్ పెంచి, తగ్గితే తగ్గించి, వేగం ఒక్కతీరుగ ఉంచుడు దాని పని. దాని స్ప్రింగును బిగించేది ఒక్క స్క్రూ. ఎవరుపడితే వాళ్లు తిప్పుతున్నరని పోయినేడు దానిమీద ఎర్ర రంగు పూయించి, సాంకేతిక ఉపసంఘం రాతపూర్వక అనుమతి లేనిదే ముట్టరాదని తీర్మానం చేయించిన. ఉపసంఘానికి కన్వీనర్ దొరకలే. అదీ నేనే అయిన.

ఎండకాలం ఒకనాడు, ఊరి పాలన్నీ ట్యాంకుల పడ్డంక కరెంటు పోయింది. ఆపరేటర్ బాలమల్లు జనరేటర్ స్టార్ట్ చేసిండు. ట్యాంకును చల్లబరిచే కంప్రెసర్ అందుకోంగనే ఇంజను మూలిగింది, బల్బులు గుడ్డివైనయి, కంప్రెసర్ ఆగింది. మల్ల స్టార్ట్ చేస్తే మల్ల అదే కథ.

"స్పీడ్ తక్కువున్నది సారు. జర స్క్రూ తిప్పుదామా?" అన్నడు బాలమల్లు.

"దరఖాస్తు పెట్టినవా?" అన్న.

పెట్టలే. అప్పుడు రాసిచ్చిండు. కార్యదర్శి హోదాల దాన్ని ఉపసంఘానికి సిఫారసు చేసిన. తర్వాత కుర్చీ మార్చి, కన్వీనర్ హోదాల పరిశీలించిన. ఎంత తిప్పాలనేది అండ్ల లేదు. వివరణ కోరుతూ కార్యదర్శికి వాపస్ పంపిన. (కార్యదర్శికి కోపమొచ్చింది. కన్వీనర్ మొహమాటపడలే.)

రెండు బర్రెలతోని ఇల్లు నడిపే కిష్టవ్వ ఖాళీ క్యాను పట్టుకొని గడపల నిలవడ్డది. ఆమె పాలు గూడ ట్యాంకులనే ఉన్నయి.

"మా పాలు ఏమైతయి బిడ్డా?"

"ప్రక్రియ నడుస్తున్నదవ్వా."

"ట్యాంకు నడుస్తలేదు గద."

దీన్ని మౌఖిక ఫిర్యాదు కింద తీసుకోవచ్చునా అని నేను కొంతసేపు ఆలోచించిన.

ఎండెక్కింది. అనుమతి మంజూరైంది: అర్ధ చుట్టుకు మించరాదు, బాధ్యతగల అధికారే తిప్పాలె. అంటే నేను. పానా పట్టుడు నాకు కొత్త గాని, నా హోదాకు ఏదీ కొత్త కాదు. స్క్రూను కదలకుండ పట్టే లాక్ నట్టు వదులు చేసి తిప్పిన. అర్ధ చుట్టు అనుకున్నది రెండు చుట్లయింది. ఇంజను పూనకమొచ్చినట్టు ఉరికింది. ట్యూబులైటు తెల్లగ వెలిగి ఆరిపోయింది. వెన్న శాతం చూసే మిషన్ల నుంచి పొగ లేచింది.

బాలమల్లు ఉరికొచ్చి ఇంజను బంద్ చేసిండు. మల్ల స్టార్ట్ చేసి, ఆయన వోల్టు మీటర్ చదువుకుంట, నేను పానా పట్టుకొని, జర జర వెనక్కి తిప్పి, రెండువందల ముప్పై కాడ ఆపి నట్టు బిగించినం. కంప్రెసర్ అందుకున్నది. ఈసారి ఇంజను మూలగలే. అయిదు నిమిషాల పని. నాకు సిగ్గయింది, కాని సిగ్గు నమోదు చేసే ఖానా మా కేంద్రంల లేదు.

ట్యాంకు మూత తీసినం. పుల్లటి వాసన గుప్పున కొట్టింది. కిష్టవ్వ వంగి చూసింది. క్యాను నెత్తిన పెట్టుకొని పోయింది.

తర్వాత విచారణ జరిగింది. విచారణాధికారిగ నేను అందరినీ పిలిచి అడిగిన. నన్ను గూడ అడిగిన, మర్యాదగనే. గవర్నర్ నిర్దోషి, స్క్రూ నిర్దోషి, నిబంధన పరమ నిర్దోషి అని తేలింది. అనుమతి వచ్చేదాక ఆగకుండ విరిగినందుకు తప్పు పాలదే.

కిష్టవ్వ ఆ దినం సంది కేంద్రం మొకం చూస్తలేదు. కారణం రాతపూర్వకంగ తెలుపుమని నోటీసు పంపిన. ఆమెకు చదువు రాదు. సంతకం నాదే ఉన్నదని ఎవరో చెప్తే, చదివి వినిపించుమని నన్నే పిలిపించింది. పోయి, గొంతు సవరించుకొని, మొదటి నుంచి చివరిదాక చదివిన. ఓపికగ ఇన్నది. లేచి పోయి చాయ తెచ్చింది.

అండ్ల పాలు పోయలే.