ఇక సెలవు

ఆదివారం పొద్దున్నే, ప్రెస్సులో పనిచేసే ప్రూఫ్‌రీడరు గట్టి నిర్ణయం ఒకటి తీసుకున్నాడు. ఇవాళ్టి నుంచి ఫోను ముట్టకూడదు. "మీరు ఇంట్లో ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే" అని నిన్న భార్య అన్న మాట ఇంకా గుచ్చుకుంటోంది. అయినా ఆయన బాధ ఆయనది. ఇంట్లో ఆయన నోరు విప్పితే కుక్కరు కూతకున్న విలువ ఉండదు. ఫోను గ్రూపులో "శుభోదయం" అంటే చాలు, వంద మంది నమస్కారాలు పెడతారు. గౌరవం దొరికిన చోటు వదిలి రావడానికి ఎవరికి మనసొప్పుతుంది?

"మిత్రులారా, మీ ప్రేమకు కృతజ్ఞుణ్ణి. ఇక సెలవు" అని గ్రూపులో రాసి, ఫోను ఆపి, బీరువాలో పెట్టి తాళం వేశాడు. పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ రాతలు దిద్దే మనిషికి, తన రాత ఒకసారి చదువుకోవాలని తోచలేదు.

వంటింట్లో కూర్చుని భార్యతో కబుర్లు మొదలుపెట్టేలోపే ఆమె ఫోను మోగింది. చేసింది అదే గ్రూపులో ఉన్న ఎదురింటావిడ. రోడ్డు దాటితే సరిపోయేది, కానీ ఫోను చేతిలోనే ఉంది.

"ఎప్పుడు పోయారమ్మా?"

"ఎక్కడికి పోతారండీ? ఇక్కడే టీ తాగుతున్నారు."

అవతల "పాపం, మతి చలించింది" అని ఆవిడ ఎవరితోనో అనడం వినిపించింది.

కాసేపటికి గ్రూపులో అందరూ కవిగారని పిలిచే పెద్దమనిషి పూలు పట్టుకుని వచ్చాడు. తలుపు తీసిన ప్రూఫ్‌రీడర్ని చూసి సంతోషించాల్సింది పోయి నీరసపడ్డాడు.

"మీ మీద నివాళి కవిత రాశానండీ. జనం తెగ మెచ్చుకుంటున్నారు. సాయంత్రం దాకా బయటపడకండి, మీకు పుణ్యముంటుంది" అని బతిమాలి వెళ్ళాడు.

ఈలోగా ఎదురింటావిడ గ్రూపులోంచి పంపిన సంతాపాలన్నీ భార్య వరసగా చదువుతోంది. చదివేకొద్దీ ఆమె ముఖం వాడిపోయింది.

"రోజూ 'తిన్నావా చెల్లెమ్మా' అని అడిగే అన్నయ్య ఇక లేడట. ఇంకొకామె తల్లి ఆస్పత్రిలో ఉంటే రాత్రంతా ధైర్యం చెప్పారట. ఇదంతా మీరేనా?"

ఆయన తలొంచుకున్నాడు. భార్య తల్లి పోయిన రోజుల్లో ఆమెకి ఆ పాటి మాట కూడా చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాడు, ఈసారి నిజంగానే.

ఆమె దగ్గరికి జరిగి అడిగాడు. "నువ్వు తిన్నావా?"

"ఆఁ. పొద్దున్నే మా గ్రూపులో ఒక అన్నయ్య అడిగారు, చెప్పేశాను" అంది ఆమె, ఫోను మీంచి తలెత్తకుండా.

ప్రూఫ్‌రీడరు బీరువా తాళం తీసి, తాను బతికే ఉన్నానని గ్రూపులో రాశాడు. చావుకి వచ్చినన్ని లైకులు దానికి రాలేదు.