సంవత్సరీకానికి దాచిన చెర్రీలు

ఆ శుక్రవారం పొద్దున ఓరెస్ట్ వేసుకున్న పథకం చిన్నదే. చెర్రీలకు ఇంకొక్క రోజు ఎండ తగలనిచ్చి, రేపు కోసి, ఆదివారం భార్య యుస్టీనా సంవత్సరీకానికి చర్చి హాల్లో చెర్రీ పూర్ణం పెట్టిన ఉక్రెయిన్ కుడుములు, వరేనికీలు, వండించాలి. ఐదేళ్ల కిందట ఆ మరుగుజ్జు చెర్రీ మొక్కను నాటింది ఆవిడే. కెనడాలోని ఈ సస్కాచ్వాన్ చలికి మనుషులే నిలవరు, ఇదేం నిలుస్తుందని అతను ఎగతాళి చేశాడు. మొక్క మైనస్ నలభైని కూడా తట్టుకుంది. ఆవిడే పోయింది. ఇది మొదటి కాపు.

తీరా పళ్లు నల్లబడే వేళకు కరెంటు తీగ మీద పిట్టల మంద దిగింది. ఓరెస్ట్ లోపలికి పరుగెత్తి, ఏడాదిగా ముట్టుకోని యుస్టీనా నీలం కోటు, పూల రుమాలు తెచ్చి, పొద పక్కన పాతిన కర్రకు తొడిగాడు. అచ్చం ఆవిడే వంగి కలుపు తీస్తున్నట్టుంది. అతనికి దుఃఖం పొంగుకొచ్చింది.

"నువ్విక్కడే ఉండు. టీ పెట్టుకొస్తా," అన్నాడు.

కంచె అవతల పక్కింటి వెర్నా ఆ మాట వింది. వెంటనే ఫాదర్ తారస్‌కు ఫోన్ కొట్టింది. "ఫాదర్, ఓరెస్ట్ చనిపోయినావిడకి టీ ఇస్తానంటున్నాడు!"

ఓరెస్ట్ కూతురు లారిసాకు ఫాదర్ చెప్పాడు. లారిసా మేనత్తకు చెప్పి కారెక్కింది. కబురు చర్చి ఆడవాళ్ల దగ్గరికి చేరేసరికి ఓరెస్ట్ ఇంట్లో నీలం కోటావిడెవరో కాపురం పెట్టేసింది. "ఏడాదైనా తిరగలేదు, సిగ్గు లేదూ!" అంటూ వాళ్లు క్యాబేజీ చుట్టల గిన్నెలతో బయలుదేరారు. సగం ఓదార్చడానికి, సగం చూడ్డానికి.

మధ్యాహ్నానికి ఫాదర్‌తో సహా అందరూ చేరి పెరడు నిండిపోయింది. లారిసా వస్తూనే తండ్రిని లోపల కూర్చోబెట్టి బీపీ పట్టీ చుట్టింది.

"నాన్నా, ఇవాళ ఏ వారం?"

"శుక్రవారం. నన్ను వదులమ్మా, పిట్టలొస్తాయి."

"ఏ పిట్టలు నాన్నా?" అంటూ ఆ పిల్ల ఏడుపు అందుకుంది. ఆ ఏడుపు ఆపడానికి అతనికి గంట పట్టింది.

బయట జనం పొద చుట్టూ చేరి యుస్టీనా మంచితనం తలుచుకుంటున్నారు. మరుగుజ్జు చెట్టాయె, చెయ్యి చాచే పని కూడా లేదు. కళ్లు తుడుచుకోవడం, ఒకటి తెంపుకోవడం, గింజ ఉమ్మడం. అది తప్పని ఎవరికీ తట్టలేదు.

ఓరెస్ట్ గడప దాటి కొయ్యబారిపోయాడు. పొదకు ఆకులే మిగిలాయి. వెర్నా మూతి ఎర్రగా ఉంది.

"ఆదివారం యుస్టీనా పేరు మీద పెడదామనుకున్నా," అన్నాడు.

"అయ్యో, మాకేం తెలుసు ఓరెస్ట్!" వెర్నా భోరుమంది.

అతను ఖాళీ కొమ్మను తడిమి, "ఎలా ఉన్నాయి?" అనడిగాడు.

"తియ్యగా. ఇలాంటివి నా జన్మలో తినలేదు."

అంత్యక్రియల నాడు కూడా ఏడవని మనిషి పొద పక్కన కూలబడ్డాడు. "తను ఒక్కటీ నోట పెట్టకుండానే పోయింది," అంటూ వెక్కి వెక్కి ఏడ్చాడు. లారిసా అతన్ని పట్టుకుని కూర్చుంది. ఇక ఆ పెరట్లో ఏడవని వాళ్లు లేరు.

కాసేపయ్యాక వెర్నా మెల్లగా అడిగింది. "మరి ఎల్లుండి ఏం వండిద్దాం?"

"వడ్డన అయిపోయిందిగా," అన్నాడు ఓరెస్ట్. "ప్రార్థన ఒక్కటే మిగిలింది. ఇప్పుడే కానివ్వండి ఫాదర్."

అందరూ తలలు వంచారు. ఫాదర్ తారస్ మాత్రం మొదలుపెట్టే ముందు అటు తిరిగి, నోట్లోని గింజ ఉమ్మాల్సి వచ్చింది.