వద్దన్న వైపరు

నా రాతలో ఒత్తులూ దీర్ఘాలూ అటూ ఇటూ అయితే మన్నించాలి. అక్షరాలు ఆలస్యంగా నేర్చినదాన్ని. ఒక పేజీ నింపేసరికి నాకు పొద్దు గూకుతుంది.

ఆదోనిలో ఆ డిసెంబరు పొద్దున మహేశ్వర్ అనుకున్నది చాలా చిన్న పని. తల్లి హులిగమ్మను కారులో ఎక్కించుకుని ఎమ్మిగనూరు పోవాలి. తొమ్మిదికి ముందే ఇందు వాళ్లింట్లో తాంబూలాలు మార్చుకోవాలి. ఆ వేళ దాటితే చిప్పగిరి సంబంధానికి మాట ఇచ్చేస్తానని ఇందు తండ్రి ముందే చెప్పాడు. ఇందును తప్ప ఇంకెవరినీ చేసుకోనని మహేశ్వర్ మొండికేసి కూర్చున్నాడు.

హులిగమ్మకు పిల్ల నచ్చింది. అంతకు ముందేడు కాలం చేసిన ఆమె భర్త ఉరుకుందప్పకే నచ్చలేదు. ఆయనకు ఏదీ నచ్చేది కాదు. ఎవరేమడిగినా చూపుడువేలు నిలబెట్టి అటొకసారి, ఇటొకసారి ఆడించేవాడు. ఆ మాట అక్కడితో సరి. ఒంటి వైపరున్న ఆ చిన్న కారు కూడా ఆయనదే.

పత్తి మిల్లులు దాటగానే పొగమంచు కమ్మేసింది. రోడ్డు లేదు, చేలు లేవు. ఎదురుగా లైట్లు వెలిగి దగ్గరికొస్తాయి. బండి మాత్రం రాదు. ఎక్కడో గొర్రెల మెడగంటలు మోగుతున్నాయి, గొర్రెలు కనిపించవు. అద్దం చెమర్చింది. మహేశ్వర్ వైపరు మీట తిప్పాడు. కదల్లేదు. వానలే సరిగా పడని చోట దానితో పనిబడి ఎన్నాళ్లయిందో! మీట ఆపేసి, కళ్లు చికిలించుకుని నడిపాడు.

"ఇందు వాళ్ల నాయన ఒప్పుకున్న్యాడు, అదే పదివేలు" అన్నాడు.

వైపరు దానంతట అది లేచింది. అటొకసారి, ఇటొకసారి ఊగింది. అద్దం నడుమ నిటారుగా నిలబడింది.

హులిగమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "మీ నాయన రా!"

"కాదుమా. చలికి లోపల గ్రీసు గడ్డకట్టి మోటారు తిరగలేకుండాది."

"మీ నాయనకూ చలికాలమొస్తే కీళ్లు పట్టేస్తాండె."

మహేశ్వర్ దిగి, వైపరును పట్టుకుని కిందికి వంచబోయాడు.

"సెయ్యి ఇరగ్గొడతావేమిరా! సచ్చిపోయినాయన మీద సెయ్యి జేసుకుంటావా!"

మళ్లీ లోపలికొచ్చి, తడిపితేనైనా కదులుతుందని నీళ్లు చిమ్మే మీట నొక్కాడు. నీళ్లు అద్దం మీద పడకుండా కారు పైనుంచి ఎగిరిపోయాయి. వెనక పొగమంచులోంచి, "ఎవురప్పా నీళ్లు సల్లేది?" అని ఒక గొంతు. తిరిగి చూస్తే ఎవరూ లేరు. మహేశ్వర్ కిటికీ అద్దం ఎత్తేసి బండి కదిలించాడు.

అతనికి ఒళ్లు మండింది. "ఇందు" అన్నాడు గట్టిగా. వైపరు రెండుసార్లు ఊగి నిలబడింది. "బెండకాయ" అన్నాడు. కదల్లేదు. "ఇందు." ఊగింది.

"కారు తిప్పు" అంది హులిగమ్మ.

మహేశ్వర్ తిప్పకుండా ముందుకే పోనిచ్చాడు. కొంత దూరాన మంట కనిపించింది. షెడ్డు ముందు మెకానిక్ చోటే సాబ్ పత్తికట్టె రాజేసుకుని చలి కాచుకుంటున్నాడు. మహేశ్వర్ కారు ఆపి, అతని చెవిలో చెప్పాడు. "అన్నా, ఎట్లన్నా జేసి దీన్ని ఆడించు. ఇది ఉత్త మిషనని మాయమ్మకు తెలియల్ల."

"అంతే గదా! గరమ్ పానీ పోస్తే అదే దిగొస్తాది" అని చోటే సాబ్ మంట మీది వేడినీళ్ల గిన్నె తెచ్చి, వైపరు మొదలు మీద మెల్లగా పోశాడు. తెల్లని ఆవిరి లేచింది. ఆవిరిలోంచి వైపరు లేచింది. ఇక ఆగలేదు. వద్దు, వద్దు, వద్దు, వద్దు. మీట ఆపినా ఆగలేదు. తాళం తీద్దామంటే, ఈ చలిలో బండి మళ్లీ స్టార్టు కాదేమోనని భయం.

"ఆపన్నా!"

"ఆడించమంటివి, ఆడ్తాంది. మల్లా ఆపమంటావ్. ఏదో ఒగటి సెప్పు భాయ్!"

"ఆపన్నా, నీకు పుణ్యముంటాది!"

చోటే సాబ్ గొణుక్కుంటూ స్టీరింగు కింద తల దూర్చి, ఫ్యూజుల పెట్టె తెరిచాడు.

హులిగమ్మ దిగి కారుకు ఎదురుగా నిలబడింది. చుట్టూ పొగమంచు, ముందు ఆడుతున్న ఆ వేలు. ఆమె కొంగు నడుముకు దోపింది.

"ఏమయ్యా! కమ్మలడిగితే వద్దంటివి. మాయక్క ఊరికి పోతానంటే వద్దంటివి. ఆకిట్లో మల్లెసెట్టు పెడతానన్నా వద్దంటివి. ఇన్నేండ్లూ నీ ఏలు జూసి నోరు మూసుకుంటి. ఈ పొద్దు నేను సెప్తాండా. ఆ పిల్ల నా ఇంటికొస్తాది. దించు సెయ్యి!"

వైపరు వాలింది. అద్దం అంచున పడుకుంది.

అదే క్షణాన చోటే సాబ్ తల బయటికి పెట్టి, పీకిన ఫ్యూజు ఎత్తి చూపించబోయాడు. మహేశ్వర్ దాన్ని లాక్కుని జేబులో వేసుకున్నాడు. "ఒగ మాటన్నా మాట్లాడొద్దన్నా, నీకు దండం బెడతా."

హులిగమ్మ వచ్చి కూర్చుని తలుపు దబాలున వేసింది. "ఇన్న్యాడు సూడు. తోలు బండి."

ఎమ్మిగనూరు చేరేసరికి పొగమంచు విరిగింది, ఇంకా తొమ్మిది కాలేదు. ఇందు వాళ్ల గేటు ముందు మహేశ్వర్ హారను నొక్కాడు. మోగలేదు. మళ్లీ నొక్కాడు. వంగి, ఫ్యూజుల పెట్టె మూత మీది బొమ్మలు చూశాడు. ఖాళీగా ఉన్న గడి హారనుది. వైపరు ఫ్యూజు దాని చోట అది చక్కగా కూర్చుని ఉంది.

మహేశ్వర్ జేబులోని ఫ్యూజును తడిమి చూసుకుని, పెట్టె మూత మూసేశాడు.

"ఏమిరా, హారను గొట్టవా?"

"వద్దులేమా" అని దిగి, గేటు చేత్తోనే తట్టాడు.

ఆ పూటే తాంబూలాలు మార్చుకున్నారు. ఆనాటి నుంచి మహేశ్వర్ ఆ కారు అద్దాన్ని గుడ్డతోనే తుడుచుకుంటున్నాడు.

లింగమ్మ, అరవై ఎనిమిదేండ్లు. ఇప్పుడు ఎమ్మిగనూరులో చిన్నకూతురి దగ్గర ఉంటున్నాను.